గోల్కొండ ఆడపడుచు హయాత్ బక్షీ బేగం

స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక, చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు నాకు పురమాయించారు. నేను చరిత్రకారుణ్ణి కాను, సివిల్ ఇంజనీరుని. ఏ పాత కట్టడం చూసినా దాని బరువు ఏ స్తంభం మీద పడుతోందో వెతకడం మా వృత్తి నేర్పిన అలవాటు. ఆ అలవాటుతోనే కుతుబ్ షాహీల వంశవృక్షం చూస్తే, బరువంతా మన పాఠాల్లో పేరు కూడా సరిగా కనిపించని ఒక స్త్రీ మీద పడినట్టు తెలుస్తుంది. ఆమె హయాత్ బక్షీ బేగం. గోల్కొండ జనం ఆమెను 'మా సాహెబా' అన్నారు. అంటే అమ్మగారు.

కుతుబ్ షాహీల పాఠం మనమందరం చదివినదే. సుల్తానుల పేర్లు, వాళ్ళు ఏలిన సంవత్సరాలు వరసగా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాం. ఆ వరసలో మహమ్మద్ కులీ, సుల్తాన్ మహమ్మద్, అబ్దుల్లా ఒకరి తరువాత ఒకరు వస్తారు. మొదటివాడు ఈమె తండ్రి, రెండోవాడు భర్త, మూడోవాడు కొడుకు. 1580 నుంచి 1672 వరకు తొంభై రెండేళ్ళ పాటు సింహాసనం మీద కూర్చున్న ముగ్గురినీ కలిపే ముడి ఆమె.

మన మెట్ట ప్రాంతానికి ఈ కథతో ఏం పని అని అనుకోవచ్చు. పదిహేడో శతాబ్దంలో మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు గోల్కొండ రాజ్యంలోని కొండపల్లి సీమలో ఉండేవి. అప్పటికి జగ్గయ్యపేట అన్న పేరే లేదు, బేతవోలు అనేవారు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టింది ఆ తరువాతి శతాబ్దంలో. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్ళే బాట మన మెట్ట గుండా, మునేరు దాటి బెజవాడ మీదుగా సాగేది. రేవుకు వెళ్ళే వజ్రాలు, రాజధానికి వచ్చే గుర్రాలు, పారశీక వర్తకులు, ఇంగ్లీషు డచ్చి కంపెనీల మనుషులు, అందరిదీ అదే బాట. ఆ బాటకు రాజధాని చివర ఉన్న మొదటి మజిలీ ఈమె పేరు మీద వెలసిందే. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

ఇంటి పిల్ల ఇంట్లోనే

హయాత్ బక్షీ తండ్రి మహమ్మద్ కులీ కుతుబ్ షా. 1591లో హైదరాబాదు నగరానికి, చార్మినారుకు పునాది వేసినవాడు. దక్కనీ ఉర్దూలో గొప్ప కవి. ఆమె తాత ఇబ్రహీం కుతుబ్ షా. మన కవులు 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నది ఆయననే. అంత గొప్ప ఇంట్లో వారసుడైన కొడుకు లేడు, ఒక్కతే కూతురు. ఆమె తల్లి భాగమతి అని హైదరాబాదులో చెప్పుకునే కథ అందరికీ తెలుసు. అసలు భాగమతి అనే మనిషి ఉందా లేదా అన్న దాని మీదే చరిత్రకారులు రెండు జట్లుగా వాదించుకున్నారు. ఆ వాదనలోకి మనం దిగనక్కరలేదు. కూతురు మాత్రం కథ కాదు.

కొడుకులు లేని రాజుకు ఒక్కగానొక్క కూతురు అంటే ఆమె పెళ్ళి ఒక రాజ్య సమస్య. ఎవరికిస్తే రాజ్యం వాళ్ళకు పోతుంది. 1603 ప్రాంతంలో ఇరాన్ చక్రవర్తి షా అబ్బాస్ దగ్గరి నుంచి ఒక రాయబారి గోల్కొండకు వచ్చి కొన్నేళ్ళు ఉన్నాడు. షా కొడుకుల్లో ఒకరికి ఈ పిల్లను అడగడం అతని పనుల్లో ఒకటని చరిత్రకారులు రాశారు. గోల్కొండకు ఇరాన్ అంటే మూలం, మతం, భాష, గౌరవం అన్నీ. కాదంటే మర్యాద తప్పినట్టు, అవునంటే రాజ్యం సముద్రం అవతలి వాళ్ళ చేతిలో పెట్టినట్టు. మహమ్మద్ కులీ కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. రాయబారికి మర్యాదలు చేస్తూ కాలం గడిపి, 1607లో కూతురిని తన తమ్ముడి కొడుకు సుల్తాన్ మహమ్మద్‌కు ఇచ్చి పెళ్ళి చేశాడు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకు ఒక సందేహం వస్తుంది. బాబాయి కొడుకంటే మన లెక్కలో అన్నదమ్ముడే కదా అని. వాళ్ళ మతాచారంలో ఆ వరస కుదురుతుంది. దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం మనకు కొత్తది కాదు. మన మెట్ట రైతు కుటుంబాల్లో మేనరికాలు ఎందుకు చేసుకునేవారు? చెక్క పొలం చీలిపోకుండా, పిల్ల పరాయి ఇంటికి పోకుండా. గోల్కొండలో పొలం బదులు రాజ్యం. ఆ పెళ్ళితో హయాత్ బక్షీ ఒకే ఇంటికి ఆడపడుచూ అయింది, కోడలూ అయింది. 1612లో తండ్రి పోగానే భర్త సుల్తాన్ అయ్యాడు. వారసత్వం కోసం కత్తి దూయవలసిన పని రాలేదు. సుల్తాన్ మహమ్మద్ చదువు మీద, దైవభక్తి మీద మనసున్నవాడు. మక్కా మసీదుకు పునాది పడింది ఆయన కాలంలోనే.

పన్నెండేళ్ళ సుల్తాను

1626లో సుల్తాన్ మహమ్మద్ కన్నుమూశాడు. కొడుకు అబ్దుల్లా వయసు పన్నెండేళ్ళు. మన బడి లెక్కలో చెప్పాలంటే ఏడో తరగతి పిల్లవాడు. అక్కడి నుంచి అసలు పాలన తల్లి చేతికి వచ్చింది. ఆమె పరదా వెనక ఉండే నడిపినా, మంత్రులకూ సేనానులకూ ఎవరి మాట చెల్లుతుందో తెలుసు. అబ్దుల్లా పెద్దవాడైన తరువాత కూడా ఆమె మాట తగ్గలేదు. సంగీతం, విందులు ఇష్టపడే కొడుకు నలభై ఆరేళ్ళు సింహాసనం మీద ఉన్నాడు. అందులో మొదటి నలభై ఏళ్ళు తల్లి బ్రతికే ఉంది.

తల్లిగా ఆమె గురించి హైదరాబాదు జనం చెప్పుకునే ఒక కథ ఉంది. కుర్ర సుల్తాన్ ఎక్కిన ఏనుగు మదమెక్కి అడవిలోకి పారిపోయిందట. ఆకలికి ప్రాణం పోకూడదని తల్లి దారి పొడుగునా చెట్లకు రొట్టెల మూటలు కట్టించిందట. బిడ్డ క్షేమంగా వస్తే ఏనుగు గొలుసంత బరువైన బంగారు గొలుసు సమర్పిస్తానని మొక్కుకుందట. హైదరాబాదులో నిజాముల కాలం దాకా మొహరం నెలలో జరిగిన 'లంగర్' ఊరేగింపుకు మూలం ఆ మొక్కేనంటారు. కథలో ఎంత నిజం ఉందో పక్కన పెడితే, జనం ఆమెను ఎలా తలచుకున్నారో ఇది చెబుతుంది.

పాలనలో ఆమెకు దక్కిన కాలం సుఖమైనది కాదు. ఉత్తరాన మొగలులు అహ్మద్‌నగర్ రాజ్యాన్ని మింగేశారు. మిగిలినవి బీజాపూరు, గోల్కొండ. 1633లో ఆమె తన కూతురు ఖదీజా సుల్తానాను బీజాపూరు సుల్తాన్ మహమ్మద్ ఆదిల్ షాకు ఇచ్చింది. ఈ రెండు ఇళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు పాతవే. హయాత్ బక్షీ మేనత్త కూడా 1587లో బీజాపూరుకు కోడలిగా వెళ్ళినదే. అంతకుముందు ఇబ్రహీం కుతుబ్ షా అహ్మద్‌నగర్ నుంచి చేసుకున్న భార్య, వీరవనితగా మనం చదువుకున్న చాంద్ బీబీకి తోబుట్టువు. దక్కన్ సుల్తానుల యుద్ధాలు, సంధులు అన్నీ ఇలా చుట్టరికాల మీదుగానే నడిచాయి.

చుట్టరికాలు మొగలులను ఆపలేకపోయాయి. 1636లో షాజహాన్‌కు లోబడి ఉంటామని గోల్కొండ ఒప్పందం రాసిచ్చింది. ఏటా 2 లక్షల హొన్నుల కప్పం.

మన నేల, వాళ్ళ వజ్రాలు

ఆ కప్పం డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది? ఇక్కడే మన ప్రాంతం కథలోకి వస్తుంది.

గోల్కొండ వజ్రాలు అని ప్రపంచమంతా అంటుంది. గోల్కొండలో ఒక్క వజ్రం కూడా దొరకలేదు. అది అంగడి మాత్రమే. వజ్రాలు దొరికినది కృష్ణ ఒడ్డున. అన్నిటిలోకి పెద్ద గని కొల్లూరు నదికి అవతలి గట్టున ఉండేది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ దాన్ని చూసి, ఆడా మగా పిల్లలూ కలిపి 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. ఇప్పుడది పులిచింతల ముంపులో ఉంది. మన గట్టున పరిటాల. 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం చూసి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయే ఆ ఊరే. పరిటాల చుట్టుపక్కల చేలల్లో తవ్వినవీ గోల్కొండ వజ్రాలే. తరువాతి కాలంలో సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేసినా పరిటాలనూ దాని చుట్టూ ఉన్న కొన్ని పల్లెలనూ నిజాం తన కిందే ఉంచుకున్నది ఈ గనుల కోసమేనని చెబుతారు. 1947లో పరిటాల స్వతంత్ర రిపబ్లిక్‌గా ప్రకటించుకున్న సంగతి మన పెద్దల నోట విన్నదే.

గనుల్లో పెద్ద రాళ్ళు సుల్తానుకే చెందేవి. చిన్నవి వర్తకులకు. తవ్వినవాళ్ళకు దక్కింది కూలి. భూమి శిస్తు వసూలు ఏటేటా వేలం వేసేవారు. ఎక్కువ పాడినవాడికి ఆ సీమ దక్కేది. వాడు పాడిన సొమ్ము, దానిమీద తన లాభం కలిపి రైతు దగ్గర రాబట్టేవాడు. మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు ఉద్యోగి మెత్వోల్డ్ ఈ పద్ధతి గురించి, రైతుల కష్టం గురించి వివరంగానే రాశాడు. కాబట్టి గోల్కొండ కోటలో ఎవరు ఏ ఒప్పందం మీద ముద్ర వేసినా, ఆ లెక్క చివరికి మన మెట్ట చేలల్లోనే తేలేది. హయాత్ బక్షీని మెచ్చుకునేటప్పుడు ఈ మాట మరచిపోకూడదు.

1656: కోట బయటకు వచ్చిన అమ్మ

ఈ వజ్రాల బాటలోనే ఎదిగినవాడు మీర్ జుమ్లా. ఇరాన్ నుంచి వచ్చిన వర్తకుడు. మచిలీపట్నం హవల్దారుగా, తరువాత మంత్రిగా పెరిగి, 1650లో గండికోటను పట్టి, సొంత సైన్యం, సొంత ఫిరంగులు, సొంత గనులు సంపాదించాడు. అబ్దుల్లాకు అనుమానం వచ్చింది. 1655 చివరలో మీర్ జుమ్లా కొడుకును బంధించాడు. మీర్ జుమ్లా అప్పటికే మొగలులతో మాట కలిపి ఉన్నాడు. దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు ఎదురుచూస్తున్న సాకు దొరికింది.

1656 జనవరిలో ఔరంగజేబు పెద్ద కొడుకు మహమ్మద్ సుల్తాన్ హైదరాబాదులోకి చొచ్చుకువచ్చాడు. అబ్దుల్లా గోల్కొండ కోటలోకి వెళ్ళి తలుపులు వేసుకున్నాడు. తండ్రి కట్టిన నగరం కూతురి కళ్ళ ముందే దోపిడీ అయింది. ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను చుట్టుముట్టాడు. అతనికి కావలసింది డబ్బు కాదు, రాజ్యం.

అప్పుడు గోల్కొండకు రెండు దారులు మిగిలాయి. ఒకటి ఢిల్లీలో ఉంది. ఔరంగజేబు బలపడటం ఇష్టం లేని దారా షికో ద్వారా షాజహాన్‌కు విన్నపాలు వెళ్ళాయి. రెండోది కోటలోనే ఉంది. అరవై ఏళ్ళ ప్రాయంలో ఉన్న హయాత్ బక్షీ బేగం కోట బయటకు వచ్చి, శత్రువు శిబిరానికి వెళ్ళి, ఔరంగజేబు ముందు కూర్చుని కొడుకు తరఫున మాట్లాడింది. అతను ఆమెను గౌరవంగానే ఆదరించాడు. బేరం మాత్రం కఠినంగా చేశాడు.

కుదిరిన షరతులు ఇవి. కోటి రూపాయలు చెల్లించాలి. రామగిరి సీమ వదులుకోవాలి. అబ్దుల్లా రెండో కూతురిని మహమ్మద్ సుల్తాన్‌కు ఇచ్చి పెళ్ళి చేయాలి. అబ్దుల్లాకూ కొడుకులు లేరు. తన తరువాత ఆ అల్లుడే వారసుడని అబ్దుల్లా రహస్యంగా మాట కూడా ఇచ్చాడు. మార్చి నెలాఖరుకు షాజహాన్ ఆజ్ఞ మీద ముట్టడి ఎత్తేశారు. పెళ్ళి జరిగిపోయింది. నగరాన్ని దోచినవాడే ఆ ఇంటి అల్లుడయ్యాడు. ఔరంగజేబు వియ్యంకుడయ్యాడు.

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు మన పెద్దలు. 1607లో మహమ్మద్ కులీ కూతురి పెళ్ళితో రాజ్యాన్ని ఇంట్లో ఉంచుకున్నాడు. 1656లో ఆ కూతురే తన మనవరాలి పెళ్ళితో రాజ్యాన్ని బయటివాడికి రాసివ్వవలసి వచ్చింది. రెండు పెళ్ళిళ్ళకూ నడుమ యాభై ఏళ్ళు. రెండిటిలోనూ పిల్లను అడిగినట్టు ఏ చరిత్రలోనూ లేదు. తన పెళ్ళి ఎందుకు జరిగిందో తెలిసిన మనిషి, మనవరాలి పెళ్ళికి తానే ఒప్పుకుని వచ్చింది. ఒప్పుకోకపోతే కోట ఉండేది కాదు. ఆమె జీవితంలో నన్ను ఆపి నిలబెట్టే చోటు ఇదే.

ఆ ముట్టడి ముగిసిన ఏడాదిలోనే ఔరంగజేబు బీజాపూరు మీదకు వెళ్ళాడు. అక్కడ భర్త పోయిన ఖదీజా సుల్తానా ఉంది. బీజాపూరు జనం ఆమెను 'బడీ సాహిబా' అన్నారు. ఇక్కడ తల్లి, అక్కడ కూతురు, ఇద్దరికీ ఎదుట నిలిచినవాడు ఒకడే. శివాజీ కథలో 1659లో అఫ్జల్ ఖాన్‌ను పంపిన బీజాపూరు పెద్ద బేగం అని మనం విన్నది ఈ ఖదీజానే. శివాజీ కథ విన్న ఎవరికీ ఆమె మన గోల్కొండ పిల్ల అని తట్టదు.

ఇలా రాజ్యం నడిపిన ఆడవాళ్ళకు వచ్చే నిందలు హయాత్ బక్షీకీ వచ్చాయి. మీర్ జుమ్లాతో ఆమెకు సంబంధం అంటగడుతూ ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ పుకారు రాశాడు. మగవాడు రాజ్యం ఏలితే సమర్థుడు, ఆడమనిషి ఏలితే ఏదో ఉందని అనుమానం. మూడున్నర శతాబ్దాలు గడిచినా ఈ అలవాటు పూర్తిగా పోలేదని మన సహాధ్యాయినుల్లో ఆఫీసులు నడిపినవాళ్ళకు తెలిసే ఉంటుంది.

ఆ తరువాత

మొగలు అల్లుడికి గోల్కొండ దక్కలేదు. సింహాసనం కోసం జరిగిన అన్నదమ్ముల పోరులో మహమ్మద్ సుల్తాన్ తండ్రిని వదిలి, పినతండ్రి షుజా పక్షానికి వెళ్ళాడు. ఔరంగజేబు అతణ్ణి చెరలో వేశాడు. 1676లో చెరలోనే పోయాడు. 1672లో అబ్దుల్లా మరణించినప్పుడు పెద్దల్లుడు నిజాముద్దీన్ అహ్మద్, మూడో అల్లుడు అబుల్ హసన్ పోటీ పడ్డారు. అబుల్ హసన్ గెలిచాడు. అతనే మన రామదాసు కథలోని తానీషా. అతని మంత్రులే అక్కన్న, మాదన్న. బెజవాడ కొండ కింద వాళ్ళ పేరుతో ఉన్న గుహలు మనం చూసినవే. అంటే భద్రాచల రామదాసు కథలోని రాజు కూడా సింహాసనం ఎక్కింది హయాత్ బక్షీ మనవరాలి భర్తగానే. మహమ్మద్ కులీ దగ్గర మొదలైన లెక్క చివరిదాకా అలాగే నడిచింది. రక్తం ఆడపిల్లది, కిరీటం అల్లుడిది.

1656లో ఆమె కొనుక్కొచ్చిన గడువు ముప్ఫై ఒక్క ఏళ్ళు నిలిచింది. 1687లో ఔరంగజేబు మళ్ళీ వచ్చాడు. ఈసారి కోట బయటకు వచ్చి మాట్లాడటానికి మా సాహెబా లేదు. ఆమె 1667లోనే కన్నుమూసింది.

ఆమె మిగిల్చినవి

గోల్కొండ కోటకు దగ్గరలోని ఏడు గుంబజుల్లో భర్త సమాధి చేరువనే ఆమె సమాధి ఉంది. సుల్తానుల సమాధులకు ఏమాత్రం తీసిపోని పరిమాణం. పక్కన పెద్ద మసీదు. ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు ఆ ప్రాంగణమంతా ఇటీవల చక్కగా బాగు చేశారు. సున్నం గచ్చుతో పాత పద్ధతిలోనే చేసిన ఆ పనిని మన బడిలో చదివిన సివిల్ ఇంజనీర్లందరూ చూడాలి. హైదరాబాదు మాసబ్ ట్యాంక్ పేరు 'మా సాహెబా తలాబ్' నుంచి వచ్చిందని, ఆ మా సాహెబా ఈమేనని చెబుతారు.

అన్నిటికంటే మనకు దగ్గరది హయత్‌నగర్. నందిగామ, జగ్గయ్యపేటల నుంచి హైదరాబాదు వెళ్ళే ప్రతి బస్సూ ఆ ఊరు దాటే వెళుతుంది. మనలో ఎందరో ఇంజనీరింగు సీటుకు, ఉద్యోగానికి, ఆసుపత్రికి, విమానానికి ఆ ఊరి మీదుగానే వెళ్ళాం. అక్కడ ఐదు కమానుల మసీదు ఉంది. దాని చుట్టూ చతురస్రంగా వందకు పైగా గదులతో బాటసారుల సరాయి ఉంది. పక్కన నీటి అవసరాలకు ఏనుగు బావి అని పిలిచే పెద్ద దిగుడుబావి ఉంది. మచిలీపట్నం బాటలో వచ్చే వర్తకుడు, కూలి, ఫకీరు నగరంలో అడుగుపెట్టే ముందు కాళ్ళు కడుక్కుని ఒక రాత్రి తలదాచుకునే చోటు. కొలతలు చూసే కంటితో చెబుతున్నాను, ఆ కాలపు ప్రజా నిర్మాణాల్లో అంత ఆలోచనతో కట్టినవి అరుదు. మసీదు, బస, నీరు మూడూ ఒక చోట కుదిర్చారు.

ఆమె చేసిన సంధి కాగితం చిరిగిపోయింది. ఇచ్చిన కోటి రూపాయలు ఢిల్లీ దారి పట్టాయి. ఆమె వంశం దౌలతాబాదు చెరలో ముగిసింది. బాటసారి కోసం కట్టిన గదులూ, తవ్వించిన బావీ మాత్రం మన బాట పక్కన ఇంకా నిలిచి ఉన్నాయి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. ఈసారి పిల్లలను హైదరాబాదు విహారయాత్రకు తీసుకువెళ్ళేటప్పుడు చార్మినారుకు ముందు హయత్‌నగర్‌లో ఒక అరగంట బస్సు ఆపించండి. సుల్తానుల పేర్లు వరసగా చెప్పమని అడగండి. చెప్పాక, వాళ్ళను ఒకరితో ఒకరిని కలిపిన మనిషి పేరు అడగండి. మన బడి తరువాతి యాభై ఏళ్ళ పిల్లలకు ఆ ప్రశ్నకు జవాబు తెలిసి ఉండాలని నా కోరిక.